రీడింగ్ వచ్చింది, ఇప్పుడేం చేద్దాం?

చాంద్రాయణగుట్ట చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా "రిపోర్టులు ఉన్నాయా?" అని అడిగి చూడండి. బీరువా మీద నుంచో పరుపు కింద నుంచో ఒక ప్లాస్టిక్ కవరు దిగుతుంది. మందుల చీటీలు, మడతల దగ్గర చిరిగిన రక్తపరీక్ష కాగితాలు, అచ్చు వెలిసి తెల్లబడ్డ ఈసీజీ, ఇంట్లో ఎవరిదో గుర్తులేని ఎక్స్‌రే. ఆ ఇంటి ఆరోగ్య చరిత్ర మొత్తం ఆ కవరే. దాన్ని మర్చిపోయి వెళ్లిన రోజున డాక్టరు ముందు కూర్చుని "ఏదో తెల్ల గోళీ సార్, పొద్దున ఒకటి" అని చెప్పుకోవాల్సి వస్తుంది.

కవరు చిందరవందరగా ఉండటానికి మన అజాగ్రత్త ఒక్కటే కారణం అనలేం. అసలు మన వైద్యమే చెల్లాచెదురుగా సాగుతుంది. జ్వరమొస్తే గల్లీలోని ఆర్‌ఎంపీ. నెలనెలా షుగర్ గోళీలకు బస్తీ దవాఖానా. ఛాతీలో పట్టేసినట్టుంటే కంచన్‌బాగ్ వైపు ఒవైసీ ఆసుపత్రి. పెద్ద ఆపరేషనంటే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా. మోకాళ్ల నొప్పికి మాత్రం మెడికల్ షాపు అన్నే డాక్టరు. వీళ్లలో ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలియదు. రోగికీ సరిగా తెలియదు. వ్యక్తిగతంగా మనకున్న పెద్ద ప్రమాదం చాలాసార్లు ఈ తెలియకపోవడంలోనే ఉంటుంది.

ఆరోగ్యానికి పనికొచ్చే యాప్‌లు, మెషీన్లు ఎన్ని వచ్చినా అవి చేసే పని రెండు రకాలే. కొన్ని మీ కాగితాలను మీతో పాటు నడిపిస్తాయి. కొన్ని మీ ముందు ఒక అంకె పెడతాయి. జనానికి రెండో రకం మీదే మోజు. నా దృష్టిలో మొదటిదానికే విలువ ఎక్కువ. రెండోది కూడా అక్కరకు రావాలంటే, అంకె కనబడకముందే "ఇంత వస్తే ఇది చేస్తాం" అని డాక్టరుతో మాట్లాడి రాసి పెట్టుకుని ఉండాలి. ఆ రాత లేకపోతే మెషీను చూపించింది చూసి భయపడతాం, లేదా లేని ధైర్యం తెచ్చుకుంటాం. ఈ అధ్యాయమంతా ఆ రాత గురించే.

గోళీల షీటుకు ఒక ఫోటో

పైసా ఖర్చు లేని పనితో మొదలుపెడదాం. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ వేసుకునే ప్రతి గోళీ షీటుకూ ఫోటో తీయండి. కంపెనీ పెట్టిన పేరుతో పాటు లోపలున్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎక్స్‌పైరీ ఎప్పుడు అన్నవి కనబడేలా తీయాలి. ఫోన్‌లో "అమ్మ మందులు" అని ఒక ఆల్బమ్ పెట్టండి. కొత్తది మొదలైతే చేర్చండి, డాక్టరు మాన్పించింది తీసేయండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, చివరికి ఏ షాపుకెళ్లినా, నోరు తెరిచే ముందు ఆ ఆల్బమ్ తెరవండి.

ఇంత చిన్న పనికి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పొరపాటు జరిగే తీరు చూడండి. ఒకచోట రాసిన షుగర్ గోళీలో గ్లిమెపిరైడ్ ఉంటుంది. ఇంకోచోట మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఇంకో పేరుతో ఇచ్చినదాంట్లోనూ అదే ఉంటుంది. రంగు వేరు, డబ్బా వేరు. "ఇద్దరు డాక్టర్లూ రాశారు కదా" అని ఇంట్లో రెండూ వేసుకుంటారు. షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మాట తడబడితే నీరసం అనుకుని పడుకోబెడతారు. మోకాళ్ల నొప్పికి అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ సంగతీ అంతే. అది బీపీని పెంచుతుంది, బీపీ గోళీల పనిని తగ్గిస్తుంది, కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు మరింత చెరుపు చేస్తుంది. రెండు షీట్ల ఫోటోలు పక్కపక్కన చూస్తే డాక్టరుకు అర నిమిషంలో తెలిసిపోయే విషయమిది.

షీటు కత్తిరించి రెండేసి గోళీలు ఇచ్చే షాపుల్లో పేరు, తేదీ ఉన్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది. అక్కడే నిలబడి దానికీ ఫోటో తీసుకోండి. షాపతను ఏమీ అనుకోడు. అనుకున్నా ఫరవాలేదు. పెన్సిలిన్‌తోనో సల్ఫా మందుతోనో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చి ఉంటే ఆ సంగతి ఒక కాగితం మీద పెద్దగా రాసి, దాన్ని ఆల్బమ్‌లో మొదటి ఫోటోగా పెట్టండి.

రిపోర్టు ఎవరి ఫోన్‌కు వస్తోంది?

హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు 2018లో మొదలయ్యాయి. అదే ఏడాది తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కూడా వచ్చింది. మొదటి పెద్ద ల్యాబ్‌ను నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ప్రాంగణంలో పెట్టారు. బస్తీ దవాఖానాలో రక్తం తీస్తారు, నమూనా ల్యాబ్‌కు వెళ్తుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. థైరాయిడ్, క్రియాటినిన్, మూడు నెలల షుగర్ సగటు లాంటి పరీక్షలకు ప్రైవేటులో వందలకు వందలు పోసే కుటుంబాలకు ఇది చిన్న సంగతేమీ కాదు.

కానీ నంబరు ఎవరిది ఇచ్చారు? పాతబస్తీలో చాలా ఇళ్లలో అమ్మకు సొంత ఫోన్ ఉండదు, ఉన్నా ఇంకెవరో పట్టుకుని తిరుగుతుంటారు. రిజిస్ట్రేషన్‌లో కొడుకు నంబరు ఇస్తారు. అతను ఆటో తోలుతూనో, జెద్దాలో డ్యూటీలోనో ఉంటాడు. మెసేజ్ వస్తుంది, చూస్తాడు, "రాత్రికి చెబుదాం" అనుకుంటాడు. పొటాషియం గానీ హిమోగ్లోబిన్ గానీ ప్రమాదకరంగా ఉంటే ఆ రాత్రి చాలా దూరం. అందుకని రిపోర్టు మెసేజ్ వచ్చిన రోజే తెరిచి డాక్టరుకు చూపించే పూచీ ఒక మనిషిది కావాలి. ఆ మనిషి ఇంట్లో ఉండే మనిషే కావాలి. ఇంటర్ చదివే అమ్మాయి ఉంటే ఆమెకు అప్పగించండి. నాన్నకంటే బాగా చేస్తుంది.

గల్ఫ్‌లో ఉన్న కొడుకు రిపోర్టు చూడటంలో తప్పులేదు, మంచిదే. ఇరవై ఐదు మంది ఉన్న ఫ్యామిలీ గ్రూపులో పడేయడం మాత్రం వేరే వ్యవహారం. కోడలి గర్భం పరీక్ష, మామయ్య హెచ్‌ఐవీ పరీక్ష, చెల్లెలి మానసిక వైద్యుడి చీటీ ఇవన్నీ ఎవరివి వాళ్లవి. అడక్కుండా ముందుకు పంపడం మర్యాద కాదు. ఒకసారి గ్రూపులోకి వెళ్లినదాన్ని అందరి ఫోన్లలోంచీ వెనక్కి రప్పించడం మన చేతుల్లో ఉండదు.

ఈ సందర్భంలోనే ఆభా నంబరు గురించి చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా ప్రారంభించింది. దాని కింద ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. దీన్ని ఉచిత వైద్యం కార్డు అనుకునేవాళ్లు కోకొల్లలు. అది కానే కాదు. ఉచిత చికిత్సకు ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ కార్డు వేరే ఉన్నాయి. ఆభా మీ రికార్డులకు చిరునామా లాంటిది మాత్రమే. దీనికి అనుసంధానమైన ఆసుపత్రిలోనో ల్యాబ్‌లోనో మీకు ఇచ్చిన రిపోర్టును, మీరు ఒప్పుకుంటే, ఇంకో డాక్టరు చూడగలుగుతారు. ఎంతకాలం చూడొచ్చో మీరే నిర్ణయించవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. తప్పనిసరి కాదు. కొన్ని ఆసుపత్రుల్లో ఓపీ కౌంటరు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వివరాలు వాటంతటవే వెళ్లి టోకెన్ వస్తుంది. చంటిబిడ్డతో పొద్దున్నే లైన్లో నిలబడ్డవాళ్లకు ఆ సుఖం తెలుస్తుంది.

అయితే గల్లీ క్లినిక్కులు, చిన్న ల్యాబులు అన్నీ అందులో చేరిపోయాయనుకుని ప్లాస్టిక్ కవరు పారేయొద్దు. ఆభా తీసుకోండి, సొంతంగా ఫోటోలూ దాచుకోండి. ఫోటో తీసేటప్పుడు పేరు, తేదీ పడ్డాయో లేదో చూసుకోండి. ఈసీజీ కాగితం మీద అచ్చు కాలం గడిచేకొద్దీ మాసిపోతుంది కాబట్టి అదే రోజు తీయాలి. ఛాతీ నొప్పితో వెళ్లినప్పుడు పాత ఈసీజీ పక్కన పెట్టి చూడగలిగితే, ఈ మార్పు కొత్తదా పాతదా అన్నది డాక్టరు అక్కడికక్కడే తేల్చుకోగలుగుతారు.

ఇరానీ చాయ్‌కీ బీపీ మెషీనుకీ మధ్య అరగంట

ఇంట్లో బీపీ మెషీను ఉండటం మంచిదే. దాన్ని వాడే పద్ధతే బాగుండదు. బయటి నుంచి వచ్చి, మెట్లెక్కి, చాయ్ తాగి, ఎవరితోనో గొడవపడి, "చూద్దాం ఎంతుందో" అని పట్టీ చుట్టుకుంటారు. 160 చూసి కంగారుపడి వెంటనే మళ్లీ చూస్తే 168. మూడోసారికి ఇంకో గోళీ మింగేస్తారు.

పద్ధతి ఇది. చాయ్, సిగరెట్, నడక అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీద చుట్టాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొనేటప్పుడే సైజు అడగండి. మణికట్టుకు పెట్టేవాటికంటే జబ్బకు చుట్టేవి నమ్మదగినవి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఒక్కో నిమిషం ఎడంతో చూసి రాసుకోవాలి. అలా వారం చేసి, మొదటి రోజు వదిలేసి, మిగతావాటి సగటు డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రిలో 140/90 ఎలాగో ఇంట్లో కొలతకు 135/85 అలాగ. సగటు దానికి పైన ఉంటే మాట్లాడాల్సిన అవసరం ఉన్నట్టు.

ఒక్క రీడింగ్‌తో గోళీ పెంచుకోవద్దు, తగ్గించుకోవద్దు. 180/120 దాటితే కొన్ని నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. అప్పటికీ అంతే ఉంటే ఆ రోజే డాక్టరును కలవాలి. దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు, కాలో చెయ్యో పట్టు తప్పడం ఉంటే మళ్లీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు వాక్యాలనూ డాక్టరుకు చూపించి, మీ ఒంటికి తగ్గట్టు అంకెలు మార్పించుకుని, మెషీను డబ్బా మూత మీద అంటించండి. తెలుగు చదవలేని నానీమా ఉంటే ఉర్దూలో రాయించండి.

రోజాలో షుగర్ మెషీను

2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. బార్కస్, హఫీజ్ బాబానగర్, బండ్లగూడ, ఫలక్‌నుమా వైపు వీళ్లలో చాలామందికి రంజాన్ నెల ప్రత్యేకమైన పరీక్ష. తెల్లవారకముందు సహెరి, పొద్దుగూకాక ఇఫ్తార్, మధ్యలో మంచినీళ్లూ లేవు. రోజా ఉండాలా వద్దా అన్నది వాళ్ల విశ్వాసానికి సంబంధించింది. ఉండేవాళ్లు క్షేమంగా ఉండటానికి మెషీను ఎలా పనికొస్తుందో చెప్పడం వరకే నా పని.

మొదటి సందేహం ఎప్పుడూ ఒకటే: వేలికి సూది గుచ్చితే రోజా పోతుందా? పోదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య రంజాన్ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. ఇంకా నమ్మకం కుదరకపోతే మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌నే అడగండి. పరీక్ష చేసుకోకుండా నెల గడిపేయడంలోనే ప్రమాదముంది.

అవే మార్గదర్శకాల్లో రెండు అంకెలున్నాయి. షుగర్ 70 కంటే తగ్గితే రోజా విరమించాలి. 300 దాటినా విరమించాలి. ఇందాక అన్న "రాత" అంటే ఇదే. సాయంత్రం అయిదింటికి 64 కనబడినప్పుడు, "ఇంకో గంటే కదా, అజాన్ అయ్యేదాకా ఓర్చుకుంటాను" అని అబ్బా అంటాడు. ఆ క్షణంలో కొత్తగా వాదన మొదలైతే ఇంట్లో ఎవరూ గెలవరు. నెల మొదలవకముందే, డాక్టరు ఎదుట, అందరూ వింటుండగా, ఆయన నోటితోనే "70 కంటే తగ్గితే ఆపేస్తా" అనిపించి ఉంటే గ్లాసు చేతికివ్వడం తేలిక. మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించి, పావుగంటకు మళ్లీ చూడాలి. చెమటలు, వణుకు, అయోమయం ఉంటే మెషీను కోసం వెతుక్కోవద్దు, ముందు చక్కెర నీళ్లివ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108.

డాక్టరును కలవాల్సింది చంద్రుడు కనబడ్డాక కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, అంటే రజబ్ నెల మొదట్లోనే వెళ్లాలి. ఇన్సులిన్ మోతాదు, గ్లిమెపిరైడ్ లాంటి గోళీల వేళలు మార్చడానికి, మార్చింది సరిపడిందో లేదో చూడటానికి ఆ వ్యవధి కావాలి. కొందరికి రోజా వద్దనే చెబుతారు. పోయిన నెలల్లో షుగర్ బాగా పడిపోయినవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఆ మాట వినడమే మేలు. కార్తీక సోమవారాలు, ముక్కోటి ఏకాదశి పేరుతో షుగర్ గోళీ వేసుకుని కటిక ఉపవాసం చేసే కేశవగిరి, ఉప్పుగూడ అమ్మలకూ ఈ పేజీ అక్షరం మార్చకుండా వర్తిస్తుంది.

మెషీను సంగతి కొంచెం. ఇఫ్తార్‌లో ఖర్జూరం తిన్న వేళ్లతోనే సూది గుచ్చుకుంటే వేలికి అంటిన తీపి కూడా రక్తంలో కలిసి 300 చూపించినా ఆశ్చర్యం లేదు. సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని చూడండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచొద్దు, మే నెలలో స్కూటర్ డిక్కీలో వదలొద్దు, తేదీ దాటినవి వాడొద్దు. అంతర్జాతీయ ప్రమాణం పాటించే గ్లూకోమీటరుకు కూడా 100 పైన పదిహేను శాతం అటూఇటూ ఉండే వెసులుబాటు ఉంది. 180 చూపితే అసలు విలువ సుమారు 155 నుంచి 210 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నిన్న 172, ఇవాళ 180 అని దిగులు పడటం దండగ.

వాచీలు, ఉంగరాలు

సూది లేకుండానే షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు కొనొద్దు. అలాంటివి నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. గుండె లయ తప్పిందని చెప్పే వాచీలు కొంతవరకు పనికొస్తాయి. నాలుగు లక్షలకు పైగా మందితో జరిపిన ఆపిల్ హార్ట్ స్టడీ 2019లో వెలువడింది. వాచీ హెచ్చరించినవాళ్లలో తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని పంపినవాళ్లను చూస్తే, మూడింట ఒక వంతు మందికే ఆ ప్యాచ్‌లో లయ తేడా దొరికింది. అంటే హెచ్చరిక వస్తే డాక్టరును కలవాలి, గుండెలు బాదుకోనక్కర్లేదు. గుండెపోటును మాత్రం ఆ వాచీ పట్టుకోలేదు. తయారుచేసినవాళ్లే ఆ మాట రాసి పెట్టారు. ఛాతీ నొప్పి వచ్చినప్పుడు "వాచీ ఏమీ అనట్లేదు కదా" అని ఆగిపోవద్దు. కరోనా నాటి ఆక్సీమీటరు ఇంకా ఉంటే, చల్లటి వేళ్లు, గోళ్ల రంగు, నల్ల మెహందీ ఉన్నప్పుడు అది తప్పు చూపొచ్చని గుర్తుంచుకోండి. చర్మపు రంగును బట్టి కూడా తేడా రావొచ్చని 2021లోనే ఎఫ్‌డీఏ చెప్పింది.

తెర అవతలి డాక్టరు

దూరాన ఉన్న డాక్టరును తెర మీద చూపించడంలో తెలుగువాళ్లకు పాతికేళ్ల అనుభవముంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో పెట్టిన టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. మన పక్కనే కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఎల్‌లో క్షిపణులు తయారుచేసిన అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు సోమరాజుతో కలిసి 1998లో చవకైన స్టెంటు, 2012లో పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్ కంప్యూటర్ తెచ్చారు. ఇప్పుడు ప్రభుత్వ ఈ-సంజీవని ఉచితంగానే డాక్టరుతో మాట్లాడిస్తుంది. ఇంటి నుంచి నేరుగా మాట్లాడే ఓపీ 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో మొదలైంది.

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల్లో మీకు అక్కరకొచ్చేవి రెండున్నాయి. తెర మీద మందు రాసే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద చూపాలి. మత్తు మందుల కోవలోకి వచ్చేవాటిని అలా రాయకూడదు. నంబరు లేని చీటీ పంపేవాళ్లను, ఫోన్‌లోనే నిద్రమాత్రలు ఇప్పిస్తామనేవాళ్లను వదిలేయండి. పాత బీపీ మందు కొనసాగించడానికి, రిపోర్టు చూపించి తర్వాతి అడుగు తెలుసుకోవడానికి వీడియో చాలు. కడుపు నొక్కి చూడాల్సిన నొప్పికి, పాలు తాగని పసిబిడ్డకు చాలదు. ఏఐ చాట్‌బాట్‌ను డాక్టరును ఏమేం అడగాలో జాబితా రాసుకోవడానికి వాడుకోండి. మోతాదు మాత్రం దాన్ని అడగొద్దు. మీ కిడ్నీ సంగతి దానికి తెలియదు.

"ఆయుష్మాన్ కార్డు ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అని ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు తెరవొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి, గంటలు గడిచేకొద్దీ తిరిగి దొరికే ఆశ తగ్గుతుంది.

108 చేసేటప్పుడు

పక్షవాతంలో మెదడుకు గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. ఆ గంటలు లెక్కపెట్టేది రోగి ఆఖరిసారి మామూలుగా కనబడిన సమయం నుంచి. మూతి వంకర పోవడం, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం చూసిన వెంటనే ఆ సమయాన్ని ఫోన్‌లో టైప్ చేయండి, తర్వాత కంగారులో గుర్తుండదు. 108కి చెప్పేటప్పుడు "చాంద్రాయణగుట్ట" అంటే చాలదు. దగ్గర్లోని మస్జిదో గుడో స్కూలో పేరు చెప్పండి, అంబులెన్సు లోపలికి రాని గల్లీ అయితే ముందే చెప్పి ఒకరిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి. డ్రైవరు అడిగితే లొకేషన్ పంపండి. అంతలో ఇంకొకరు మందుల ఆల్బమ్, పాత ఈసీజీ ఉన్న ఫోన్‌ను ఛార్జర్‌తో సహా చేతిలో పట్టుకోవాలి. రక్తం పలచబరిచే గోళీలు వాడుతుంటే ఆ షీటు ఫోటోను ఆసుపత్రిలో అన్నిటికంటే ముందు చూపించాలి, ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఇవన్నీ ఉన్న ఫోన్‌కు లాక్ ఉంటుంది. రోగి వేలిముద్ర పనిచేయకపోవచ్చు, ఆయన నంబరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ సమాచారం అనే చోట రక్తం గ్రూపు, వాడే మందులు, ఎలర్జీ, ఇద్దరి ఫోన్ నంబర్లు రాస్తే లాక్ తీయకుండానే చూడొచ్చు. ఈ రాత్రే, నాన్న పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌లో అది నింపేయండి.